గడ్డిలో పడ్డ కౌజు

లతీఫ్ మాస్టరు మనసులో ఒక ముల్లు ఉండేది. పైకి కనబడేది కాదు. లోపల మెదిలినప్పుడల్లా గుచ్చుకునేది.

ఆయన బళ్ళో లెక్కలు చెప్పేవాడు. సాయంత్రం బడి వదలగానే ఇంటికి పోకుండా ఊరి చివర తకియాకు పోయేవాడు. తకియా అంటే ఫకీర్లు ఉండే చోటు. అక్కడ మౌలాషా బాబా ఉండేవాడు. లతీఫ్ ఆయనకు నీళ్ళు తోడాడు, కాళ్ళు పట్టాడు, ఆయన చెప్పిందల్లా విన్నాడు. మీసం రాని రోజుల్లో మొదలుపెట్టినవాడు, ఇప్పుడు గడ్డం నెరుస్తోంది.

బాబా దగ్గర ఒక పద్ధతి ఉండేది. నమ్మి వచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెవిలో దేవుడి పేరు చెప్పేవాడు. అందుకున్నవాళ్ళు ఆ పేరు తమలో తాము ఎంతైనా తలుచుకోవచ్చు. ఇంకొకరి చెవిలో మాత్రం చెప్పకూడదు. ‘ఇక నువ్వు చెప్పు నాయనా’ అని బాబా సెలవిచ్చినవాడే చెప్పాలి.

ఆ సెలవు కోసమే లతీఫ్ కాచుకుని ఉన్నాడు. పక్క పేటవాళ్ళు వచ్చి అడిగారు కూడా. ‘మాకు పెద్దదిక్కు లేదు బాబా. మాస్టరును పంపండి, మేము ఆయన నోట పేరు అందుకుంటాం’ అన్నారు. బాబా ‘చూద్దాం’ అన్నాడు. మళ్ళీ వచ్చారు. మళ్ళీ ‘చూద్దాం’ అన్నాడు.

ఎద్దులకు లాడాలు కొట్టే మదారును మాత్రం నిరుడు ఒక్కమాటతో కొండ అవతలి ఊరికి పంపేశాడు. మదారుకు నాలుగు మాటలు వరసగా చెప్పడం రాదు. ముల్లు అంటే ఇదీ.

లతీఫ్ తక్కువవాడేం కాదు పాపం. సుద్దముక్క చేతిలో ఉన్నా, అన్నం ముద్ద చేతిలో ఉన్నా ఆయన పెదవులు కదులుతూనే ఉండేవి. దేవుడి పేరు లోపల నీళ్ళ బానలో చుక్క పడినట్టు టపటపా పడుతూనే ఉండేది. పిల్లలు వెనక బెంచీలో కూర్చుని ఆ పెదవుల కదలికను అనుకరించి నవ్వుకునేవాళ్ళు. అది చూసి కూడా ఆయన కోప్పడేవాడు కాదు. ఇంతకన్నా ఇంకేం కావాలి బాబాకు?

దసరా సెలవులు వచ్చాయి.

ఏటా ఆ సెలవులకు లతీఫ్ వేటకు పోయేవాడు. నల్లగుట్ట దాటితే కనుచూపు మేర గడ్డిబీడు. చెట్టూ చేమా తక్కువ, గడ్డే సముద్రం. వానలు వెనకబట్టాక ఆ గడ్డి నడుము ఎత్తు పెరిగి, గాలికి ఒక పక్కకు వాలి, మళ్ళీ లేచి, చూస్తూ కూర్చుంటే పొద్దే తెలియదు. అందులో కౌజు పిట్టలు, పూరేళ్ళు, చెవులపిల్లులు. లతీఫ్‌కు తండ్రి ఇచ్చిన జంటగొట్టాల తుపాకీ ఉంది. స్నేహితుడు ఓబుళరెడ్డికి ఎద్దులబండి, గుడారం ఉన్నాయి. వంటకు పీరన్న ఉన్నాడు. ఇంకేం.

బయలుదేరే ముందు సెలవు తీసుకుందామని తకియాకు పోయాడు. ‘ప్రాణాలు తీసే సరదా ఇంకా పోలేదా’ అని బాబా అంటాడేమోనని లోలోపల భయం.

బాబా చెప్పులు కుట్టుకుంటున్నాడు. తలెత్తకుండానే, “బండిలో చోటుందా?” అన్నాడు.

“దేనికి బాబా?”

“నాకు.”

అట్లా బాబా కూడా వేటకు వచ్చాడు.

మొదటి సాయంత్రమే లతీఫ్ తుపాకీ బాగా పలికింది. గడ్డిలోంచి కౌజులు బుర్రుమని లేవడం, ఆయన ‘బిస్మిల్లా’ అనడం, తుపాకీ పేలడం, మూడూ ఒక్కసారే జరిగిపోయేవి. పిట్ట కింద పడగానే వెనక నుంచి పీరన్న కత్తి పట్టుకుని పరుగెత్తేవాడు. కొనప్రాణం ఉండగానే దేవుడి పేరు చెప్పి గొంతు కోస్తేనే ముసల్మానులకు తినడానికి పనికొస్తుంది. ఆ పని ఎప్పుడూ పీరన్నదే. లతీఫ్ అప్పటికే ఇంకో వైపు గురి చూస్తూ ఉండేవాడు.

దెబ్బ తగిలి కూడా దూరంగా, దట్టమైన గడ్డిలో పడినవి కొన్ని ఉంటాయి కదా. వాటికోసం ఎవరూ పోరు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘నక్కల వాటా’.

“అయ్యవారూ, ఈ ఏడు నక్కలకు బాగానే పెడుతున్నావే,” అన్నాడు రెడ్డి పొయ్యి దగ్గర కూర్చుని. “వచ్చే ఏడు అవి నిన్ను పెండ్లికి పిలుస్తాయి చూడు.”

“నువ్వు కాల్చు, ఒక్కటన్నా పడుతుందేమో చూద్దాం. నీ గుళ్ళకు ఆకాశం తూట్లు పడిందే గానీ పిట్టకు ఈక రాలలేదు.”

“నా పిట్టలు నాకు దండం పెట్టి పోతాయబ్బా. నేను దయగలవాణ్ణి.” రెడ్డి బాబా వైపు తిరిగాడు. “ఏం సామీ, మీరు మమ్మల్ని తిట్టరా? పాపం అనరా?”

బాబా రొట్టెముక్కను పులుసులో అద్దుకుంటున్నాడు. “పీరన్నా, ఇంకో ముక్క వెయ్యి నాయనా. మిరియం బాగా పట్టింది,” అన్నాడు.

రెడ్డి పకపకా నవ్వాడు. లతీఫ్‌కు మాత్రం నవ్వు రాలేదు. బాబా తిట్టి ఉంటే బాగుండేది. తిడితే జవాబు చెప్పవచ్చు. జవాబులు ఆయన దగ్గర చాలా ఉన్నాయి.

తెల్లవారింది. గడ్డి కొసల మీద మంచు. నమాజు అయ్యాక అందరూ టీ తాగుతూ ఉంటే, లతీఫ్ బాబా పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగేశాడు.

“బాబా, ఈ శుక్రవారం పేటవాళ్ళు మళ్ళీ వస్తారు. ఈసారి కూడా చూద్దాం అంటే నాకు తలెత్తుకోవడం కష్టం. నాలో ఏం తక్కువో చెప్పండి, సరిదిద్దుకుంటాను. దేవుడి పేరు నా నోట ఒక్క క్షణం ఆగదు. నిద్రలో కూడా పలుకుతుందని మా ఇంట్లోది చెబుతుంది. అంతగా నాలో ఉన్న పేరు నలుగురికి ఇస్తానంటే మీకెందుకు మనసు రాదు?”

బాబా టీ ఊదుకుని తాగాడు. చివరి గుక్కలో మడ్డి వస్తే గడ్డిలో పారబోశాడు.

“పీరన్నను ఇవాళ పొయ్యి దగ్గర ఉండనీ,” అన్నాడు. “నీ వెనక నేను నడుస్తా.”

“మీరా? పిట్టలు ఏరడానికా?”

“ఏం, నాకు కాళ్ళు లేవా?”

“అది కాదు బాబా, చూసేవాళ్ళు ఏమనుకుంటారు.”

“ఇక్కడ చూసేది రెడ్డి ఒక్కడే. వాడు ఏమన్నా అనుకునే రకం కాదులే.”

“నేనేం అనుకోను సామీ,” అన్నాడు రెడ్డి దూరం నుంచే.

ముగ్గురూ గడ్డిలోకి దిగారు. ముందు లతీఫ్, పక్కగా రెడ్డి, వెనక బాబా. కొంతదూరం పోయేసరికి కాళ్ళ ముందు నుంచే ఒక కౌజు లేచింది. ‘బిస్మిల్లా’, తుపాకీ పేలింది. పిట్ట గాలిలో ఒక పక్కకు ఒరిగింది. పడినట్టే పడి, ఒంటి రెక్కతో కొట్టుకుంటూ పోయి, రేగు పొదల అవతల దట్టమైన గడ్డిలో ఎక్కడో దిగిపోయింది.

“పోనీండి బాబా, అది నక్కల వాటా,” అన్నాడు లతీఫ్, గొట్టంలోకి తూటా వేసుకుంటూ.

తిరిగి చూస్తే బాబా వెనక లేడు. అప్పటికే రేగు పొదలు దాటి గడ్డిలో వంగాడు. ఆయన తలగుడ్డ ఒకచోట మునిగి ఇంకోచోట తేలుతోంది.

ఇంతలో ఆ వైపు నుంచే కౌజుల గుంపు లేచింది. మంచి గుంపు. లతీఫ్ తుపాకీ ఎత్తి, అంతే గబుక్కున దించేశాడు. గురికి అడ్డంగా బాబా తలగుడ్డ.

గుంపు పోయింది. కాసేపటికి చెవులపిల్లి ఒకటి చెంగుచెంగున దూకుతూ అటే పోయింది. తుపాకీ ఎత్తడానికే లేదు.

“అయ్యవారూ, మీ సామి బీడుకు తాళం వేసినాడబ్బా,” అన్నాడు రెడ్డి చతికిలబడుతూ. బీడీ వెలిగించుకున్నాడు. “నేనింక కునుకు తీస్తా. తాళం తీసినాక లేపు.”

పొద్దెక్కింది. మంచు ఆరిపోయింది. బాబా ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. పొలంలో కలుపు తీసేవాళ్ళలాగా మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డిని రెండు చేతులా పాయలు తీసి చూసి, మళ్ళీ కలిపేసి, ఇంకొంచెం ముందుకు జరుగుతున్నాడు. తొందర లేదు. విసుగూ లేదు. తప్పిపోయిన మేకపిల్లకోసం వచ్చినవాడిలాగా ఉన్నాడు.

లతీఫ్‌కు మొదట సిగ్గేసింది, తర్వాత చిరాకేసింది. చివరికి తుపాకీ భుజాన వేసుకుని అక్కడికి పోయాడు.

“బాబా, లేవండి. మీ మోకాళ్ళు చూడండి ఎట్లా గీరుకుపోయాయో. ఒక్క పిట్టకోసం ఇంత ఏమిటి?”

“ఎక్కడ పడిందో చూశావా?” అన్నాడు బాబా, గడ్డిలోంచి చూపు తీయకుండా.

“లేదు.”

“కాల్చింది నువ్వే కదా.”

“కాల్చాక ఇంకో పిట్టకోసం చూస్తాను బాబా. పడినదాన్ని పీరన్న చూసుకుంటాడు.”

బాబా తల పంకించాడు. అంతే. మళ్ళీ గడ్డి పాయలు తీయసాగాడు.

లతీఫ్ తూటాలు తీసేసి తుపాకీని పొదకు ఆనించి, తనూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఇన్నేళ్ళు ఆ బీడులో తిరిగాడు గానీ, దాన్ని ఇంత దగ్గరగా ఎన్నడూ చూసింది లేదు. పైనుంచి ఒకటే గడ్డి. కిందికి పోతే అదొక ఊరు. చీమలకు దారులున్నాయి. ఎండిన పేడలో పురుగులకు ఇళ్ళున్నాయి. ఒకచోట గడ్డిపోచలను గుండ్రంగా తొక్కి చేసిన గూడు, అందులో పగిలిన గుడ్డు పెంకులు. ఆయన చేతులు నెమ్మదించాయి.

ఒక పోచ మీద ఎర్రటి చుక్క కనబడింది. వేలితో తాకితే ఇంకా తడిగా ఉంది. అక్కడి నుంచి ఒక ఈక. ఇంకొంచెం ముందుకు, గడ్డి విడదీసి చూస్తే, పశువు గిట్ట దిగబడి ఎండిన గుంటలో కౌజు ఉంది. మెడ లోపలికి ముడుచుకుని, మట్టిలో మట్టిలా కలిసిపోయి ఉంది. విరిగిన రెక్క పక్కన పడేసినట్టు ఉంది. కన్ను తెరిచే ఉంది. ఆ కన్ను ఆయన్నే చూస్తోంది.

“పీరన్నా,” అని పిలిచాడు లతీఫ్. అలవాటు.

పీరన్న గుడారం దగ్గర ఉన్నాడు. ఆ పిలుపు గడ్డి దాటి పోనేలేదు.

బాబా పక్కకు వచ్చి కూర్చున్నాడు. మొలలోంచి చిన్న కత్తి తీసి, పిడి లతీఫ్ వైపు తిప్పి పట్టుకున్నాడు.

“మీరు చేయండి బాబా.”

“నాకు చూపు ఆనదు.”

“నేనెప్పుడూ చేయలేదు.”

బాబా కత్తిని అట్లాగే పట్టుకుని ఉన్నాడు.

లతీఫ్ పిట్టను తీసుకున్నాడు. అది పెనుగులాడలేదు. అరచేతిలో వెచ్చగా ఉంది. ఇంత చిన్న ఒంట్లో ఇంత వేడి ఎక్కడిదా అనిపించింది. గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందంటే, కొట్టుకుంటోందని కాదు, వణుకుతోందనే అనుకున్నాడు. ఈకల కింద వేలికి ఆ గుండె తగులుతూనే ఉంది. కత్తి అందుకున్నాడు.

ఇప్పుడు పేరు చెప్పాలి. చెప్పకుండా కోయకూడదు. ఆలస్యం చేస్తే బాధ పిట్టదే.

పెదవులు ఆగిపోయాయి.

రోజంతా, ఏళ్ళ తరబడి, తనంతట తానే నడిచిన పేరు. పాఠం చెబుతుంటే కూడా ఆగని పేరు. అది గొంతులో ఎక్కడో నిలిచిపోయింది. వెతుక్కున్నాడు. ఆ పేరు ఎవరిదో, ఈ వెచ్చటి ప్రాణం ఎవరిదో, ఎవరిని పిలిచి ఈ పని చేయబోతున్నాడో, అన్నీ ఒక్కసారి ఎదురుగా వచ్చి కూర్చున్నాయి. బాబా తొందరపెట్టలేదు. పిట్ట చూస్తూనే ఉంది.

చివరికి చెప్పాడు. చాలా చిన్నగా, ముక్కలు ముక్కలుగా, కొత్తగా మాటలు నేర్చుకునే పిల్లవాడు చెప్పినట్టు చెప్పాడు.

చేయవలసింది చేశాడు. వేలి కింద పిట్ట గుండె వణుకు తగ్గింది, ఇంకా తగ్గింది, నిలిచిపోయింది. కన్ను మీదికి సన్నటి పొర జారింది.

గాలికి గడ్డి ఒకసారి వాలి లేచింది.

“దొరికిందా అయ్యవారూ?” అని రెడ్డి కేకేశాడు. దగ్గరికి వచ్చి లతీఫ్ ముఖం చూశాడు. పొదకు ఆనించిన తుపాకీని తనే తీసి భుజాన వేసుకుని, బండి వైపు ముందు నడిచాడు.

బాబా గడ్డి పీకి కత్తి తుడుచుకుంటున్నాడు.

“శుక్రవారం పేటవాళ్ళు వస్తారన్నావు,” అన్నాడు. “వాళ్ళకు ఏం చెప్పమంటావు?”

పిట్ట ఇంకా లతీఫ్ రెండు చేతుల్లోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని ఉన్నాడు.

“నేనింకా నేర్చుకుంటున్నానని చెప్పండి బాబా.”

బాబా ఆయన భుజం ఆసరాగా లేచి, మోకాళ్ళు దులుపుకున్నాడు.

“అట్లయితే వాళ్ళను నీకోసం ఎక్కువ రోజులు ఆపనక్కర్లేదు,” అన్నాడు. “పద నాయనా, ఆకలేస్తోంది.”