ఇప్పచెట్టుకి కుళ్ళొచ్చిన వేసవి

ఒకప్పుడు ఇప్పపువ్వు తనంత తాను రాలేది కాదు. కొమ్మనే కరుచుకుని ఉండేది. కావాల్సినవాళ్లు చెట్టెక్కి కోసుకునేవాళ్లు.

ఆ కాలంలో కొండ మలుపులో, వాగు పక్కన, గుప్పెడు గుడిసెల పల్లె ఒకటుండేది. పేరు మల్లెగూడెం. కొండంతా అడవిమల్లె పాకి ఉండేది మరి! చిన్న గాలి వీచినా పల్లెంతా ఘుమఘుమలాడిపోయేది.

ఆ పేరు వినబడినప్పుడల్లా గుడిసెల మధ్య ఉన్న ఇప్పచెట్టుకి ఒళ్లు మండేది.

"ఏమే మల్లీ! వేసవిలో వీళ్ల కడుపు నింపేది నేను. పేరేమో నీదా?"

మల్లె కిలకిలా నవ్వింది. "కడుపులోకి పోయేదాన్ని ఎవరు చూస్తారొదినా? జడలో ఉండేదాన్నే చూస్తారు!"

అంతలో సుక్కి అనే పిల్ల వచ్చింది. మల్లెలు కోసి జడలో తురుముకుంది. వాగు నీళ్లలో తన నీడ చూసుకుని మురిసిపోయింది. ఇప్ప వంక కన్నెత్తైనా చూడలేదు. ఇప్పకేమో సుక్కి అంటే ప్రాణం! లోలోపల కుతకుతా ఉడికిపోయింది.

"ఊరికి నా పేరు పెట్టేదాకా ఒక్క పువ్విస్తే ఒట్టు!" అని కొమ్మలన్నీ బిగించేసింది. ఎక్కినవాళ్లని ఊపి ఊపి కిందకి దింపేసింది.

"దీనికేం మాయరోగం!" అని తిట్టుకున్నారు జనం. పేరు మాత్రం మార్చలేదు.

ఎండలు ముదిరాయి. కుండల్లో జొన్నలు నిండుకున్నాయి. ఓ సాయంత్రం సుక్కి చెల్లెలు ఆకలని ఒకటే ఏడుపు. ఏం చెయ్యాలో తోచక సుక్కి తన జడలోని మల్లెలు తీసి దాని నోట్లో పెట్టింది.

"థూ! చేదే అక్కా!" అని ఉమ్మేసి, మళ్లీ రాగం అందుకుంది చెల్లెలు.

మల్లె సిగ్గుతో ముడుచుకుపోయింది. ఇప్పకి నవ్వుదామనిపించింది. నవ్వు రాలేదు. ఆ ఏడుపు దాని వేళ్ల దాకా దిగిపోయింది. బిగించిన కొమ్మలు వాటంతటవే వదులయ్యాయి. తెల్లారేసరికి నేలంతా పూలే పూలు!

పిల్లలు దోసిళ్లతో తిన్నారు. అవ్వలు బుట్టలతో ఏరుకున్నారు. "మల్లెగూడెమేంటే! ఇది ఇప్పగూడెం!" అంది సుక్కి, నోటినిండా పూలతో. ఆ మాటే ఊరిపేరై నిలిచింది.

మరి ఇప్ప కుళ్ళు తగ్గిందా? ఎక్కడ! రేపు పొద్దున సుక్కి ముందుగా మల్లె దగ్గరికి పోతేనో? ఆ దిగులుతో వెలుగు రాకముందే పూలన్నీ రాల్చి, దారికేసి చూస్తూ నిలబడేది.

అప్పటినుంచే ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. ఇప్పటికీ ఆ గూడెం ఆడపిల్లలు కళ్లు నులుముకుంటూ ముందు ఇప్ప కిందికే పరుగెడతారు. మల్లె దగ్గరికి ఆ తర్వాతే.