అరికాలి పసుపు నోము కథ

శూలపు పోటు ఎరిగిన మాండవ్య మహర్షిని దాల్భ్యముని చేరి, దెబ్బ తగులకయే ఎముకలు విరుగు వారికి ఏ నోము దిక్కని అడిగెను. మాండవ్యుడు నడుము సవరించుకొని, కలియుగమున జరుగబోవుదానిని జరిగినదానివలె చెప్పసాగెను.

పెన్నయేటి యొడ్డున ఒక నేతపల్లెలో ఓబులమ్మ అను ఇల్లాలు ఏటేట గౌరమ్మకు అరికాలి పసుపు నోము నోచెడిది. ఆ నోమునకు కట్టడి ఒక్కటే: అత్త తన చేతితో కోడలి అరికాలు కడిగి, వేలితో తడిమి పసుపు రాయవలెను. కోడలు రత్తమ్మ కాపురమునకు వచ్చిన యేడు ఓబులమ్మకు అది చిన్నతనమనిపించెను. తమలపాకు పసుపులో ముంచి, పాదములపై పైపైన చిలుకరించి లేచిపోయెను. తరువాతి యేళ్ళును అంతే.

మూడవ యేట ఇంట నెమ్మది పోయెను. కడవ ఎత్తగా రత్తమ్మకు పక్కటెముక విరిగెను. కట్టువైద్యుడు పసరుకట్టు కట్టెను. అది అతుకకమునుపే, గడప దాటగా పాదపుటెముక విరిగెను. మరల కట్టిరి. రత్తమ్మ బాతువలె ఒరుగుచు నడిచెను. ఆమె తొక్కు గుంటమగ్గము మూగవోయెను. ఓబులమ్మ ఇంటికిని వాకిలికిని తిరుగుచు సాధించెను.

"ఏమ్మే, ఎముకలా అవి, జొన్నదంట్లా? మీ అమ్మ సంగటి పెట్టి పెంచిందా, గాలి పెట్టి పెంచిందా?"

"మూడేండ్లుగా నీ సంగటే గదత్తా తింటుండేది!" అని కోడలు గోడ పట్టుకొని బదులిచ్చెను.

పిమ్మట తుంటియెముక చిట్లెను. కట్టువైద్యుడు చేతులు కడుగుకొని, "విరిగినకాడ కట్టగలను గానీ తల్లీ, విరగ్గొట్టేదాన్ని కట్టలేను" అనెను.

అప్పుడు ఓబులమ్మకు నోము తలపునకు వచ్చెను. చెంబునీళ్ళతో కోడలి కాళ్ళకడ చతికిలబడెను.

"వద్దత్తా, నాకు పాపం తగులుతాది."

"ఊరుకోమ్మే, తగిలేదంతా తగిలింది."

ఎడమ అరికాలు తడుమగా రేగిపండంత గడ్డ వేలికి తగిలెను. మగ్గము తొక్కువారికి ఆనెకాయ ఉండునదే గదా అని రత్తమ్మ దానిని చెక్కుకొనుచుండెను. నలుబదియేండ్లు మగ్గము తొక్కిన ఓబులమ్మ, "నా కాలికి తెలీని ఆనె ఉంటాదా? ఇది లోపల మెదుల్తాంది" అని అప్పుడే బండి కట్టించెను.

పట్టణపు వైద్యురాలు గడ్డను, రక్తమును, మూత్రమును పరీక్షించి ఇట్లు తెలిపెను: ఆ గడ్డ క్యాన్సరు కాదు, కాని అది విడుచు రసమువలన, ఎముకకు బిగువునిచ్చు ఫాస్ఫేటు మూత్రమున కొట్టుకొనిపోవుచున్నది, అందుచే ఎముకలు మెత్తబడినవి, ఫాస్ఫేటు నీళ్ళు, డి విటమిను మందు త్రాగుచు, గడ్డను చుట్టునున్న కొంత కండతో సహా తీయించవలెను.

మందుతో నొప్పి తగ్గగానే, కాలికి కత్తి పెట్టినచో మగ్గము తొక్కలేనని జడిసి, రత్తమ్మ కోతకు ఒప్పక ఇల్లు చేరెను. నెల తిరుగక తొడయెముక విరిగెను.

"నువ్వు తొక్కలేకపోతే నేను తొక్కుతా. పద!" అని ఓబులమ్మ కోడలిని మంచముతో ఎత్తించెను.

తొడకు కడ్డీ వేసిరి, గడ్డ తీసిరి. దినములలో ఫాస్ఫేటు నిలిచెను, నెలలలో ఎముకలు అతికెను. గడ్డ మరల మొలవవచ్చును గనుక ఏటేట పరీక్షకు రమ్మనిరి. రత్తమ్మ గుంటలో కాళ్ళు పెట్టి మగ్గము ఆడించిన దినమున, ఆ చప్పుడు వినుచు ఓబులమ్మ గడపపై కూర్చుండెను. ఏడాదిలో ఆమె ఊరక కూర్చుండుట అదే మొదలు.

కావున దాల్భ్యా, కాలితో బ్రతుకువారును, ఊరక ఎముక విరుగువారును, ముఖ్యముగా కోడళ్ళున్న అత్తలును ఈ నోము నోచవలెను. సిరిసంపదల మాట గౌరమ్మ ఎరుగును. విరిగినచోట ఆగక మూలము వెదకు బుద్ధి మాత్రము తప్పక కలుగును. కథ తప్పినను చేయి తప్పరాదు. అక్షతలు శిరసున వేసికొనుడు. పిదప పక్కనున్నవారి అరికాలు తడుముడు.