ఏ కొత్తపేట, కొండలరావూ?

“తలుపు తాళం పడిపోయిన ఇల్లు ఎవరిదండీ?” అని రామాలయం వీధి మొదట్లో ఒక కేక వినిపించింది. ఆ చివర నీళ్ల ట్యాంకు దాకా వినిపించింది. అరుగుల మీద కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. మాది కాదంటే మాది కాదన్నారు.

కేక వేసినవాడు తాళాల కొండలరావు. తాళం తీయడంలో కొత్తపేట మొత్తానికి అతనంతటి నేర్పరి లేడు గాని, ఒక పని ఎవరికైనా అప్పగించాడంటే మళ్లీ అటు తిరిగి చూసే అలవాటు మాత్రం అతనికి లేదు. దర్జీ పొరపాటున వేరేవాళ్ల చొక్కా చేతిలో పెడితే, “కొంచెం బిగుతుగా కుట్టాడు” అనుకుంటూ అదే తొడుక్కు తిరిగేవాడు. ఎవరేం అడిగినా “అదే చూసుకుంటుందిలే” అనేవాడు.

ఆ మధ్య అతనికి ఒక మంచి సదుపాయం దొరికింది. ఈ రోజుల్లో తాళంచెవి పోతే జనం వీధిలోకి రారు కదా, ఫోన్లోకి వెళతారు. దగ్గర్లో తాళాలు తీసేవాళ్లెవరని వెతుకుతారు. అలా వెతికినవాళ్లకి అందరికంటే పైన కొండలరావు ప్రకటన కనబడుతుంది. దాన్ని రోజూ ఎవరూ కూర్చుని రాయక్కర్లేదు. ఏ పేటవాళ్లు వెతికితే ఆ పేట పేరు పెట్టుకుని అదే తయారవుతుంది, అదే వెళ్లి వాళ్ల ముందు నిలబడుతుంది. ‘మీ కొత్తపేటలోనే ఉన్నాం, పది నిమిషాల్లో మీ గుమ్మంలో ఉంటాం’ అని ఎంత ముద్దుగా చెబుతుందో.

అంతా దానంతటదే జరిగిపోతుంది గాని, మొదట్లో మనిషి చెయ్యాల్సింది ఒకటుంది. పటం మీద తన కొట్టు ఎక్కడుందో చూపించి, ఎంతమేర తిరిగి పనిచేస్తాడో దాని చుట్టూ గీత గియ్యాలి. కొండలరావుకి ఆ ఓపిక లేకపోయింది. ఊరికే ‘కొత్తపేట’ అని కొట్టాడు. మనవాళ్లు కొత్తగా ఏ పేట కట్టినా దాని పేరు కొత్తపేటే కదా మరి, బోలెడన్ని కొత్తపేటలు వరసగా వచ్చి నిలబడ్డాయి. అన్నిటికీ కలిపి ఒకేసారి టిక్కు పెట్టేశాడు.

పక్కనుంచి చూస్తున్న భార్య వరహాలు, “ఇన్ని కొత్తపేటలా? మనం ఉండేది ఒక్కదాంట్లోనే కదండీ?” అంది.

“అదే చూసుకుంటుందిలే. మనది ఏదో దానికి తెలీదా?”

“మీరు చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది? ఇన్నేళ్లు కాపురం చేసిన నాకే మీరు చెప్పకపోతే ఏదీ తెలీదు.”

కొండలరావు నవ్వేసి ఊరుకున్నాడు. అప్పట్నుంచి ఎక్కడెక్కడివాళ్లో ఫోన్ చేసి, “ఇంకా రాలేదేంటండీ?” అని అడిగేవారు. “రాంగ్ నంబర్” అని పెట్టేసేవాడు. ఇంతమంది ఎందుకు పొరబడుతున్నారో ఆలోచించేవాడు కాదు.

ఇదిగో, ఈ ఆదివారం పొద్దున వచ్చిన ఫోన్ మాత్రం వేరు. మాట్లాడింది పేర్రాజు అనే ఆయన.

“మా మేనల్లుడండీ, రెండేళ్లవాడు. ఇవాళే వాడి పుట్టినరోజు. వంటగదిలోకి వెళ్లి తలుపు తోసేశాడు. తాళం పడిపోయింది. తాళంచెవి లోపలే ఉంది. పొయ్యి మీద పాయసం మరుగుతోంది. ఇనప తలుపు, పగలగొడదామంటే వాడు దానికే ఆనుకుని కూర్చున్నాడు. కిటికీకేమో ఊచలు.”

“ఎక్కడండీ మీ ఇల్లు?”

“కొత్తపేటే. రామాలయం వీధిలో నీళ్ల ట్యాంకు పక్కన. షామియానా వేసి ఉంటుంది.”

“అది మా వెనక వీధేనండీ. ఇట్టే వచ్చేస్తా. ఇంకెవర్నీ పిలవకండి,” అని కొండలరావు సంచీ భుజాన వేసుకుని పరుగెత్తాడు.

వచ్చి చూస్తే వీధి ఉంది, ట్యాంకు ఉంది. షామియానా మాత్రం లేదు. అందుకే ఆ కేక. చివరికి ఫోన్ చేశాడు.

“ట్యాంకు కిందే ఉన్నానండీ. చెయ్యి ఊపుతున్నా, కనబడుతున్నానా?”

“మేమూ ట్యాంకు కిందే ఉన్నామయ్యా. మా తమ్ముడు తువ్వాలు ఊపుతున్నాడు చూడు.”

“ఏ రంగు తువ్వాలండీ?”

“ఎర్రది. నీకు కళ్లు కనబడతాయా, కనబడవా?”

కొండలరావు ట్యాంకు చుట్టూ తిరిగాడు, చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఒకావిడ, “ఎవరికి టాటా చెబుతున్నావు కొండలరావూ?” అని అడిగింది.

“ఏటిగట్టు వైపు తిరిగి చూడవయ్యా,” అన్నాడు పేర్రాజు.

కొండలరావు కాళ్లు అక్కడే ఆగిపోయాయి. “ఏటిగట్టా? మా ఊళ్లో ఏరు లేదండీ.”

ఫోన్లో దూరంగా పసివాడి ఏడుపు వినిపిస్తోంది. పేర్రాజు ఉన్నది ఏటి ఒడ్డు కొత్తపేట, అది వేరే మండలంలో ఉంది. బండి మీద గంట ప్రయాణం.

“సిలిండరు ఎక్కడుందండీ?” అన్నాడు కొండలరావు.

“పెరట్లో.”

“ముందు దాన్ని కట్టెయ్యండి. మీ ఊళ్లో తాళాలు తీసేవాళ్లెవరూ లేరా?”

“ఎందుకు లేరు? బజార్లో గొడుగులు బాగుచేసే మస్తాను సాయిబు ఉన్నాడు. నువ్వు ఇక్కడే ఉన్నానన్నావు, ఎవర్నీ పిలవొద్దన్నావు, అందుకే పిలవలేదు.”

ఆ మాట కొండలరావుకి చెంపదెబ్బలా తగిలింది. “పిలవండి, వెంటనే పిలవండి,” అని బతిమాలాడు. ఫోన్ ఆగిపోయింది.

ఇంటికి వెళదామన్నా కాళ్లు రాలేదు. బండి తీసి ఏటి ఒడ్డు కొత్తపేటకి బయల్దేరాడు. దారిలో ఆగి ఆగి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోయేసరికి అతని మనసు ఎక్కడెక్కడికో పోయింది. వంతెన మీద బండిని ఇంకా జోరుగా తోలాడు.

ఆ ఊరి ట్యాంకు పక్కన షామియానా కనిపించింది. చప్పుడు లేదు. గుండె రాయి చేసుకుని లోపలికి అడుగుపెట్టాడు.

వంటగది ఇనప తలుపు బార్లా తెరిచి ఉంది. కుర్చీలో ఒక ముసలి సాయిబు కూర్చున్నాడు. ఆయన ఒళ్లో రెండేళ్ల పిల్లాడు తాళంచెవుల గుత్తి ఊపుకుంటూ నవ్వుతున్నాడు. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది, అంతే. చుట్టూ ఉన్నవాళ్లు అలసిపోయి, మాట్లాడే ఓపిక లేక, వాణ్ణే చూస్తున్నారు. కొండలరావుకి ఒక్కసారి ఊపిరి వచ్చింది. షామియానా గుంజ పట్టుకుని నిలబడిపోయాడు.

పిల్లాడి నాయనమ్మ మంగతాయారు అతన్ని ఎగాదిగా చూసింది. “పది నిమిషాల్లో వస్తానన్నది నువ్వేనా నాయనా?”

“నేనేనమ్మా. తప్పు నాదే. నా ప్రకటన ఎవరెవరికి ఏం చెబుతోందో నేను ఒక్కసారి కూడా చూడలేదు.”

అక్కడే నిలబడి ఫోన్ తీశాడు. పెట్టిన టిక్కులన్నీ ఒక్కొక్కటే తీసేశాడు. పటం మీద తన కొట్టు వెతుక్కుని, తను నిజంగా వెళ్లగలిగినంత మేరే చుట్టూ గీత గీశాడు.

మస్తాను సాయిబు మెడ సాచి చూసి, “ఆ గీత మా ఏటి దాకా రాలేదు కదా తమ్ముడూ?” అన్నాడు.

“రాలేదు బాబాయ్. ఇటు మీరున్నారుగా.”

“ఉన్నా. పొద్దున్నుంచీ బజార్లో ఈగలు తోలుకుంటూ ఉన్నా.”

అందరూ నవ్వారు. పేర్రాజు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. కొండలరావు సంచీ సర్దుకుని వెళ్లబోతుంటే మంగతాయారు ఆపింది. “ఎండనపడి వచ్చావు, ఎక్కడికి పోతావు? వీడు లోపల ఉండిపోయిన దగ్గర్నుంచీ ఇక్కడ ఒక్కరూ మెతుకు ముట్టలేదు. పాయసం అడుగంటింది గాని తినొచ్చు. రా, కూర్చో.”

ఆకులు పరిచారు. మస్తాను సాయిబు పక్కన కొండలరావు, అతని పక్కన పేర్రాజు, నాయనమ్మ ఒళ్లో పుట్టినరోజు పిల్లాడు, చుట్టాలు, ఇరుగుపొరుగువాళ్లు, అందరూ ఎట్టకేలకి ఒకే వరసలో భోజనానికి కూర్చున్నారు.

నీతి: పని ఎవరికి అప్పగించినా, యంత్రానికే అప్పగించినా, అది మన పేరు మీద ఇచ్చే మాటకి జవాబు చెప్పుకోవాల్సింది మనమే.