బంగారం ఊడిన గుడ్డ

"పేరైనా మిగలని ఆడవాళ్ళ గురించి రాస్తే అది కల్పన అవుతుందా, అబద్ధం అవుతుందా?" అని హైమవతి అడిగింది. బందరులో సుభద్రాంబగారి దగ్గర నవలారచన నేర్చుకుంటున్న శిష్యురాలామె. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లండులో, ఆంగ్లో-సాక్సన్ల కాలంలో, బంగారు దారంతో మతగురువుల వస్త్రాలు కుట్టిన స్త్రీల మీద నవల మొదలుపెట్టి సగంలో చతికిలబడింది. తను చదివిన పాత గ్రంథాల్లో వస్త్రం తొడుక్కున్న బిషప్పు పేరుంది, కానుకిచ్చిన రాజు పేరుంది. కుట్టినవాళ్ళ ఊసే లేదు. రాజునే కథానాయకుణ్ణి చేయమనీ, లేకపోతే పుస్తకం వేయననీ ప్రచురణకర్త తేల్చి చెప్పేశాడు.

అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు సుభద్రాంబగారికి ఎన్నడూ లేదు. బీరువాలోంచి వెలిసిపోయిన పట్టుగుడ్డ ఒకటి తీశారు. దాని మీది జరీని ఎప్పుడో ఎవరో పీకేసుకున్నారు. కొత్త జరీపోగు, ఎర్ర పట్టుదారం, సూది పక్కన పెట్టి, "దీన్ని మళ్ళీ కుట్టు" అన్నారు.

హైమవతి తన నవలలో రాసినట్టే జరీని సూదిలోకి ఎక్కించి గుడ్డలోంచి లాగింది. పైన చుట్టిన రేకు ఊడిపోయి లోపలి నూలు బయటపడింది. మళ్ళీ లాగింది, మళ్ళీ అదే. తన కథానాయిక చేత అన్ని పేజీల్లోనూ తప్పుడు కుట్టు కుట్టించానని తెలిసి మొహం జేవురించింది. అయినా మొండిమనిషి, లేవలేదు. గుడ్డను కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. సన్నని సూదిరంధ్రాలు జంటలు జంటలుగా సాగుతున్నాయి. బంగారం అసలు గుడ్డలోకి దిగలేదు. దాన్ని పైన పరిచి, అటూ ఇటూ పట్టుదారంతో బిగించారన్నమాట.

ఇక ఆ రంధ్రాల వెంట పడింది. భోజనానికి పిలిస్తే పలకలేదు. చిలక తోక వచ్చింది, రెక్క వచ్చింది, మెడ వచ్చింది. ముక్కు దగ్గర సూది ఆగింది. అక్కడ రంధ్రాలు రెండు వరసలున్నాయి, ఒకటి కాస్త వంకరగా.

హైమవతి పకపకా నవ్వింది. "చూశారా అమ్మా! ఈవిడ ముక్కు వంకరగా కుట్టి, నచ్చక విప్పేసి, మళ్ళీ కుట్టింది. అచ్చం నాలాగే మొండిఘటం!"

సుభద్రాంబగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఎవరే ఆవిడ?"

హైమవతి ఆ వంకర వరసను వేలితో తడిమింది. కళ్ళు తడిశాయి.

"పేరు తర్వాత పెడుదువుగాని. ముందు ఆ ముక్కు పూర్తి చెయ్యి" అన్నారావిడ.