కోటగుమ్మంలో స్నానం

పేరు మరిచిపోయినా నష్టం లేని ఒక రాజ్యంలో కోటగుమ్మం కాపలాదారు జ్వరమొచ్చి చచ్చిపోయాడు. కాపలా ఉద్యోగం ఆ ఇంటివాళ్లకే దక్కడం అక్కడి ఆచారం. దాన్ని తనకిమ్మని అతని పెళ్లాం గవరమ్మ మళ్లీ కొలువుకొచ్చింది. ఇవ్వకపోతే గుమ్మం పక్కనున్న గది ఖాళీ చేసి, ఇద్దరు ఆడపిల్లలతో వీధిన పడాలి.

"మళ్లీ వచ్చావా? ఆడదానికి కాపలా ఏమిటే?" అన్నాడు మంత్రి విరూపయ్య.

"రాణిగారి స్నానాల గది దగ్గర ఆడవాళ్లే కదా బాబూ కాపలా," అంది గవరమ్మ, చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు నవ్వాడు మంత్రి. "అదే చెబుతున్నా! అక్కడ మగవాణ్ణి పెట్టం. అన్యాయమని ఏ మగవాడైనా ఏడ్చాడా? అది ఆడవాళ్లకి, ఇది మగవాళ్లకి. సరికి సరి."

సభంతా తలూపింది. రాజుగారూ ఊపారు.

"అక్కడ మగవాళ్లని ఎందుకు పెట్టరు బాబూ?"

"రాణిగారు స్నానం చేస్తారు గనక! ఆమాత్రం తెలీదూ?"

"తెలుసు. సరైన కారణమే. మరి కోటగుమ్మంలో ఎవరు స్నానం చేస్తున్నారు?"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, బల్లెం తెప్పించి ఆమె చేతికిచ్చారు.

"భలే చమత్కారం గవరమ్మా! నీ తెలివికి మెచ్చి ఇస్తున్నాం!"

గవరమ్మకి నవ్వే ఓపిక లేదు.

"మహారాజా, నా మొగుడికి నలుగురిలో నోరు పెగిలేది కాదు. అయినా ఈ బల్లెం ఇచ్చేటప్పుడు చమత్కారం చెప్పమని అతన్ని ఎవరూ అడగలేదు," అని కాపలాకి వెళ్లిపోయింది.