గడప దగ్గర పెద్దోడు

కనకరత్నమ్మకు మరుపు మొదలైంది. పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళితే, పెరట్లోకి ఎందుకొచ్చిందో గుర్తుండేది కాదు. దానికి ఆమె అంతగా బాధపడలేదు. పోయిన భర్త ముఖం కళ్ళ ముందుకొచ్చేది గానీ గొంతు వచ్చేది కాదు. ఆయన తనను ఏమని పిలిచేవాడో తెలుసు. ఆ పిలుపు ఎలా వినబడేదో తెలియదు. అదే ఆమెను లోపల్లోపల తినేసేది.

కొండ మీది మఠానికి వచ్చి రుద్రముని గురువు దగ్గర చేరింది అందుకే.

"మరుపు రాకుండా ఏదైనా మంత్రం చెప్పండి, అయ్యగారూ."

"చెబుతాలే," అన్నాడాయన. అని, చీపురు అందించాడు.

అడిగినప్పుడల్లా అంతే. ఒకసారి చీపురు, ఒకసారి చేట.

ఎండలు ముదిరాక ఒక గొర్రెల మంద కొండ దిగిపోతూ మఠం ముందు ఆగింది. కాపరి ఎల్లప్ప ఒక ముసలి కుక్కను తాడు కట్టి వెంట తెచ్చాడు. దాని మూతి నెరిసింది. ఒక కన్ను మబ్బు పట్టింది.

"నడవలేకపోతన్నాడు సామీ. దార్లో చెట్టుకు కట్టేసి పోదామన్నారు మావోళ్ళు. నాకు చేతులు రాలేదు. పేరు పెద్దోడు. మందకంతా వీడే పెద్దోడు."

గురువు తాడు అందుకుని రత్నమ్మ చేతిలో పెట్టాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. "నాకెందుకయ్యా ఇది? ఉన్నవాళ్ళే నాలోంచి జారిపోతున్నారు. రేపో మాపో పోయేవాణ్ణి తెచ్చి నాకు అంటగడతారేం?"

"వాడిప్పుడు మందను మర్చిపోవాలి. నీకు మర్చిపోవడం బాగా వచ్చుగా. నేర్పు."

పెద్దోడు మంద వెళ్ళిన దారి వైపే మొహం పెట్టి కూర్చున్నాడు. గంజి పోస్తే మూతి తిప్పుకున్నాడు. రత్నమ్మ గిన్నె పట్టుకుని పక్కనే చతికిలబడింది.

"తిను నాయనా. వాళ్ళు ఇక రారు," అంది.

ఆ మాట అన్నాక తనూ ఆ దారి వైపు తిరిగింది. చాలాసేపు ఇద్దరూ ఆ దారినే చూస్తూ కూర్చున్నారు. చివరికి వాడు ఆమె చేతిలోంచి తిన్నాడు.

తర్వాత వాడొక చోటు ఎంచుకున్నాడు. వంటింటి గడప ఎన్నో కాళ్ళ కింద అరిగి నేలతో సమానమైపోయింది. సరిగ్గా దానికి అడ్డంగా పడుకునేవాడు. ఎవరు లేపినా లేచేవాడు కాదు.

వంట చేసే లచ్చుమమ్మ విసుక్కునేది. "ఎట్టా పోయేది లోపలికి? పడుకున్నోణ్ణి దాటితే ఎదగడంటారు."

"వాడింకా ఎదిగితే ఈ వాకిలి పట్టదు. దాటవే," అనేవాడు గురువు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. మూలుగుతూ తనూ దాటేవాడు.

రత్నమ్మ ఒక చేత్తో తలుపుచెక్క పట్టుకుని, రెండో చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తి, కాలు బాగా పైకి లేపి దాటేది. పెద్దోడు కన్ను తెరవకుండానే తోక ఒకసారి నేలకు కొట్టేవాడు. రోజు మొత్తంలో ఆమెను పలకరించే ప్రాణి వాడొక్కడే అన్నట్టుండేది.

వానలు పడేసరికి వాడి వెనక కాళ్ళు పడిపోయాయి. ఆమె ఎత్తుకుని బయటికి తిప్పేది, తడిగుడ్డతో తుడిచేది. ఒక ఉదయం వాడు ఆమె అరచేతిలో గడ్డం ఆనించి, ఒక పొడుగాటి ఊపిరి వదిలాడు. మళ్ళీ తీసుకోలేదు.

గురువు గన్నేరు చెట్టు పక్కన తనే గొయ్యి తవ్వాడు. లచ్చుమమ్మ వంటిల్లు కడిగి ముగ్గు వేసింది.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక పొద్దున బియ్యం ఏరుతూ ఏరుతూ రత్నమ్మ గబుక్కున లేచింది. అరుగు మీద కూర్చున్న గురువు ముందుకొచ్చి నిలబడింది. చేట ఇంకా చేతిలోనే ఉంది.

"అయ్యగారూ, వాడికి మబ్బు పట్టింది ఏ కన్ను?"

ఆయన తలెత్తి చూశాడు.

"కుడిదా, ఎడమదా? వాడి కళ్ళు తుడిచింది నేనే కదయ్యా! గుర్తు రావడం లేదు. అప్పుడే పోతున్నాడు. మా ఆయన గొంతు పోయినట్టే వీడూ పోతున్నాడు. ఇప్పుడైనా ఆ మంత్రం చెప్పండి."

"దాహంగా ఉంది. వంటింట్లోంచి కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టమ్మా."

రత్నమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చేట అక్కడే పడేసి వెళ్ళింది. చెంబెడు నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన చెంబు ముట్టుకోలేదు.

"వస్తూ పోతూ ఆ గడప దగ్గర కాలు అంత ఎత్తావెందుకమ్మా?"

రత్నమ్మ వెనక్కి తిరిగింది.

అరిగిపోయిన గడప. కడిగిన నేల. అక్కడ ఏమీ లేదు. ఆమె ఎడమ చెయ్యి ఇంకా చీర కుచ్చిళ్ళను పట్టుకునే ఉంది.

గురువు లేచాడు. తలుపుచెక్క ఆనుకుని, మూలుగుతూ కాలు పైకెత్తి, ఆ చోటును దాటి లోపలికి వెళ్ళాడు.