తూగని బంగారం

నరహరి గురువుగారిని ప్రశ్న అడిగేవాడు ముందు తన చెప్పులు చూసుకోవాలి. ఆయన కూర్చున్నచోట జవాబు చెప్పరు. కర్ర అందుకుని "నడువు" అంటారు. ఆ జవాబు ఎవరి వాకిట్లోనో, ఏ సంతలోనో దొరుకుతుంది. ఒక్కోసారి అసలే దొరకదు. పరకాల దగ్గరున్న మా చిన్న ఆశ్రమంలో శిష్యులు తక్కువగా ఉండడానికి ఇదే కారణమని నా అనుమానం.

సమ్మక్క జాతర దగ్గరపడ్డ రోజుల్లో నా తోటి శిష్యుడు సారంగపాణి ఒక ప్రశ్న తెచ్చాడు. అతని అక్క స్వరూపకు పెళ్ళయి చాలాకాలం పిల్లలు లేరు. అత్త ఓదెమ్మ వనదేవతలకు మొక్కుకున్నాక కొడుకు పుట్టాడు. బడిలో వాడి పేరు సమన్విత్, ఓదెమ్మ నోట మాత్రం సమ్మయ్యే. రెండేళ్ళకోసారి జాతర వచ్చినప్పుడల్లా బిడ్డను కాంటాలో కూర్చోబెట్టి, వాడెంత తూగితే అంత బెల్లం అమ్మల గద్దెల దగ్గర సమర్పించాలన్నది మొక్కు. మా వైపు ఆ బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు.

"పిల్లగాడు ఈడుకు మించి లావయిండు, మెట్లెక్కితే రొప్పుతుండు, తిండి తగ్గియ్యాలె అంటది అక్క," అన్నాడు సారంగపాణి. "అమ్మలిచ్చిన బిడ్డను మాడవెడితే కండ్లు పోతయి అంటది అత్త. ఇంట్ల రోజూ ఇదే లొల్లి. నేనెవరి దిక్కు మాట్లాడాలె? భక్తి గూడ తప్పయితదా గురువుగారూ?"

"బిడ్డను జోకేది ఎప్పుడు?"

"ఇయ్యాల్నే."

గురువుగారు కర్ర అందుకున్నారు. నేనూ వెంట నడిచాను.

ఓదెమ్మ చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. ఆ మనవడంటే ఆమెకు ప్రాణం. కానీ జాతర జాతరకూ వాడి బంగారం కుప్ప పెరుగుతుంటే వాడకట్టంతా వింతగా చెప్పుకునేది, ఆ మాటల రుచి ఆమె బాగా మరిగింది. జాతర ఏడాది వచ్చిందంటే వాడికి పొద్దున రొట్టె బెల్లంతో నలిపి చేసిన నెయ్యి కారే మలీద ముద్దలు, బడి నుంచి రాగానే తండ్రి వీరస్వామి కిరాణా కొట్లోంచి కూల్‌డ్రింకు, పడుకునేముందు బెల్లం కలిపిన పాలు. పరుగెత్తితే చిక్కిపోతాడని వాకిలి దాటనిచ్చేది కాదు. మొక్కుకు విడిచిన మేకపోతును మేపినట్టు మేపారని దారిలో నేనంటే సారంగపాణికి కోపం వచ్చింది. వస్తే రానీ.

మేం వెళ్ళేసరికి కొట్టు వెనక ఇంట్లో దూలానికి పెద్ద కాంటా వేలాడుతోంది. దానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. ఆడవాళ్ళు మంగళహారతి పాటకు గొంతు సవరించుకుంటున్నారు. పదేళ్ళు నిండని పిల్లవాడు కొత్తబట్టల్లో ఒక పళ్ళెంలో కూర్చున్నాడు. వాడి మెడ చుట్టూ నల్లటి పట్టీ ఒకటి ఉంది. అది మురికి అనుకుని స్వరూప రోజూ పీచుతో రుద్దేదట, చర్మం కందిపోయిందే తప్ప నలుపు వదల్లేదు.

"బాపమ్మా, దూపైతుంది," అన్నాడు వాడు.

చెంబుడు నీళ్ళిస్తే గటగటా తాగి, మళ్ళీ చెంబు చాపాడు.

వీరస్వామి రెండో పళ్ళెంలో బెల్లం ముద్దలు పేర్చాడు. పోయిన జాతరకు పట్టినన్ని పెట్టి, పిల్లవాడు పెరిగాడు కదా అని వాటి మీద ఇంకొన్ని పెట్టాడు. బెల్లం పళ్ళెం దభీమని నేలకు తగిలింది, పిల్లవాడు గాల్లోకి లేచాడు. అందరూ నవ్వారు. వీరస్వామి ఒక ముద్ద తీశాడు. పిల్లవాడు కిందికి దిగలేదు. ఇంకొకటి తీశాడు, మరొకటి తీశాడు. పోయిన జాతర లెక్క కన్నా తగ్గించినా కాంటా సమానం కాలేదు. చూపుకు వాడు ఇంకా బొద్దుగానే ఉన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

ఓదెమ్మ కాంటా దగ్గరికి వచ్చింది. "అయ్యో, నా బంగారం తరిగిపోయింది! ఎవల కండ్లు వడ్డయో నా మనుమని మీద," అని కోడలి వైపు తిరిగింది. "నువ్వే, తినొద్దు తినొద్దని నోరు వెట్టినవు."

"నెల సంది లాగు వదులైతున్నది," అంది స్వరూప నెమ్మదిగా. "నేనేమో మంచిగ సన్నబడుతుండని సంతోషపడ్డ."

"సంతోషపడ్డవా! రెండు రోజులు కడుపునిండ పెట్టి మళ్ళ జోకుదాం. ఇంత తక్కువ బంగారం పట్టుకొని గద్దెల కాడికి ఏ మొహంతోని పోవాలె?" అంటూ ఆమె ఒక కూల్‌డ్రింకు సీసా మూత తీసి, కాంటాలో ఉన్న బిడ్డ నోటికే అందించింది. వాడు కళ్ళు మూసుకుని తాగాడు.

గురువుగారు ఇవేవీ చూడడం లేదు. ఆయన నేలవైపు చూస్తున్నారు. గుమ్మం పక్క నుంచి చీమల బారు ఒకటి పోతోంది. ఇంట్లో అంత బెల్లం కుప్ప ఉంటే ఆ చీమలు దాని దిక్కు తిరగకుండా పెరటి వైపు పోతున్నాయి. ఆయన కర్ర ఊతంగా వాటి వెంట వెళ్ళారు, ఆయన వెంట మేం వెళ్ళాం. పెరటి గోడ మొదట్లో నేల తడిగా ఉంది. అక్కడ చీమలు నల్లగా ముసిరి ఉన్నాయి.

"ఈడ బెల్లం ఎవలు పారవోసిండ్రు?" అని గురువుగారు లోపలికి వినబడేలా అడిగారు.

"ఎవలూ పొయ్యలే," అంది స్వరూప బయటికి వచ్చి. ఒక్కక్షణం ఆ గోడను చూసింది. "బాత్రూమ్ దాకా ఆగలేక పిల్లగాడు ఈడనే ఒంటికి పోతడు. రాత్రి గూడ ఎన్నిసార్లు లేస్తడో..." నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆమె లోపలికి పరుగెత్తింది.

అప్పటికే పిల్లవాడు తాగినదంతా కక్కేశాడు. కాంటా గొలుసును పట్టుకుని తల వాల్చాడు. పరుగెత్తి వచ్చినవాడిలా పెద్దపెద్దగా ఊపిరి తీస్తున్నాడు, ఆ ఊపిరి మగ్గిపోయిన పండు వాసన వేస్తోంది.

"ఆ సీసా అవతల పారెయ్యి," అన్నారు గురువుగారు. ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. "వీరస్వామీ, బండి తియ్యి!"

వరంగల్‌లో ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది వినడం కష్టంగా ఉండింది. రక్తంలో చక్కెర మిషన్‌కు అందనంత ఉందట, మూత్రంలోకి కూడా దిగుతోందట, ఇంకొంచెం ఆలస్యమైతే ప్రాణం దక్కేది కాదట. బరువు తగ్గింది దిష్టి వల్ల కాదు, ఒళ్ళు తనను తానే కరిగించుకుంటోందట. కాలేయానికి కొవ్వు పట్టింది. రక్తపోటు పెద్దవాళ్ళకున్నంత ఉంది, గుండె గోడ అప్పుడే మందమెక్కుతోంది. "మెడ నలుపెక్కినప్పుడే తీసుకురావాల్సింది," అంది ఆమె.

"షుగరు ముసలోళ్ళకు గదమ్మా వచ్చేది," అంది ఓదెమ్మ. "నాకే లేదు."

డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

పిల్లవాడు బతికాడు. బతకడమంటే ఇక నుంచి అన్నానికి ముందు సూది, బడి సంచిలో మందు గోళీలు, పరుగు పందెం అంటే తల్లి గుండెలో రాయి. మిగతా పిల్లలు ముసలివాళ్ళయ్యాక మింగే మందులు వీడు ఎక్కాలు నేర్చే వయసులో మింగాలి. ఇది న్యాయమా అని నేను చాలామందిని అడిగాను.

జాతర నాటికి వాడింకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. రోడ్డంతా మేడారం పోయే బండ్లు. మేం చూడబోయేసరికి ఓదెమ్మ బయట మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో బెల్లం మూట. గురువుగారిని చూసి లేవబోయి, మళ్ళీ కూలబడింది.

"అయ్యగారూ, మొక్కు పోయిన జాతర లెక్కన తీర్చాల్నా, ఇప్పటి లెక్కనా? తక్కువైతే అమ్మలకు కోపమొస్తదా?"

గురువుగారు ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నారు. "ఆనాడు నువ్వేమని మొక్కినవు?"

"బిడ్డ ఎంత ఉంటే అంత ఇస్తనన్న."

"ఎంత పెంచితే అంత అనలే గదా."

ఓదెమ్మ ఆ మూటను మెట్టు మీద పెట్టింది. తర్వాత రెండు చేతులూ తిరగేసి చూసుకుంది. "ఈ చేతులతోనే పెట్టిన," అంది. "వాడు వద్దన్నా పెట్టిన." ఆమె ఏడుపు చూడలేక నేను రోడ్డు వైపు తిరిగాను.

తిరుగు దారిలో ఆశ్రమం కనబడేదాకా ఓపిక పట్టి సారంగపాణి అడిగాడు. "గురువుగారూ, నేనడిగినదానికి మీరేం చెప్పలే."

గురువుగారు చెప్పులు విడిచి, కర్ర గోడకు ఆనించారు.

"ఆ చీమలు దారి తప్పలే, సారంగపాణీ. మీరు మొక్కిన బంగారం కాడికే పోయినయి."